నిండని గుంట

పరాంకుశం గారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. మోక్షం గురించి అడిగినవాడిని బావి గిలకకి నూనె పెట్టమన్నారు. భార్యతో పడటం లేదు ఏం చెయ్యమంటారని వచ్చినవాడిచేత చిక్కుపడ్డ చేంతాడు మూడు రోజులపాటు విప్పించారు. జవాబు ఆ పనిలో దొరికితే దొరికింది, లేకపోతే పనైనా అయింది. అక్కడున్న నలుగురు శిష్యులం ఈ పద్ధతికి ఎప్పుడో అలవాటు పడిపోయాం. కానీ విరూపాక్షం ప్రశ్నకి ఆయన చెప్పిన పని ఉంది చూశారూ, అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు గుండె ఒక్క క్షణం ఆగి కొట్టుకుంటుంది. ఎవరో చెప్పగా విన్నది కాదు, నేనక్కడే ఉన్నాను. మొదటినుంచీ చెబుతాను.

బొబ్బిలికి నాలుగు కోసుల దూరంలో ఆయనది పాత పెంకుటిల్లు. టేకు స్తంభాలు, మట్టిగోడలు, వెనకాల చిన్న పెరడు. ఆ ఇంట్లో అంట్లు తోమి, ఊడ్చి, నీళ్ళు తోడే మనిషి పైడితల్లి. యాభై దాటిన ఆడమనిషి, వెనుకా ముందూ ఎవరూ లేరు, పదకొండేళ్ళుగా వెనక వసారాలోనే పడక. ఆమె చేతులకి తీరిక లేదు, నోటికి అంతకన్నా లేదు. మా నలుగురిలో గున్నయ్యకి అన్నంలో రాయి తగిలి "కళ్ళెక్కడ పెట్టుకున్నావే" అన్నాడనుకోండి, "నా కళ్ళు నా మొగానే ఉన్నాయి, నీ పళ్ళు ఎక్కడున్నాయో సూసుకో" అనేది. తువ్వాలు కనపడకపోయినా మేం ఆమెనే అనేవాళ్ళం, చెప్పు తెగినా ఆమెనే, ఇంటి దగ్గర్నుంచి వచ్చిన ఉత్తరంలో కబురు బాగాలేకపోయినా ఆమెనే. ఒకటంటే నాలుగు తిరిగి వచ్చేవి. మధ్యాహ్నం పాఠం వేళకి అందరం తేలికపడి, నవ్వు ముఖాలతో చాపల మీద కూచునేవాళ్ళం.

విరూపాక్షం ఇంజనీరింగు ఆఫీసులో పటాలు గీసే ఉద్యోగం చేసి, మధ్యలోనే మానుకుని వచ్చినవాడు. చాప వంకరగా పరిస్తే సరిచేసిగానీ కూచోడు. ఒకరోజు విజయనగరం నుంచి కాలేజీలో పాఠాలు చెప్పే ఆయనా, ఆయన భార్యా గురువుగారి దర్శనానికి వచ్చారు. తెలియక తడి గుమ్మం మీద చెప్పులు పెట్టారు. పైడితల్లి లోపల్నుంచి, "కడిగిన గుమ్మం, మీ తాత కట్టించినాడేటి తొక్కడానికి" అంది. వచ్చినావిడ ముఖం ఎర్రబడింది. విరూపాక్షం తల దించుకున్నాడు.

ఆ సాయంత్రం అడిగాడు.

"గురువుగారూ, ఈ ఇంట్లో మేం నలుగురం ఉండి ఆరేళ్ళయింది. ఇన్నేళ్ళలో ఒకళ్ళతో ఒకళ్ళకి గొడవన్నది రాలేదు. మురికంతా ఆ ఒక్క నోట్లోనే ఉంది. ఆమెని ఎందుకు ఉంచుకున్నారు? పంపించెయ్యండి. ఆమె ఉంటే నేను ఉండలేను."

పది అడుగుల అవతల అంట్లు తోముతున్న చప్పుడు ఆగిపోయింది.

గురువుగారు కొంచెంసేపు పెరటి వైపు చూసి అన్నారు: "నాయనా, పెరడు పాడుపడింది. నీకు గీత బాగా వచ్చు. దాన్ని బాగుచెయ్యి. పనికిరానిదీ, చూడబుద్ధి కానిదీ ఏదీ ఉంచకు. నలభై రోజులు గడువు. అది నువ్వనుకున్నట్టు కుదిరితే, పైడితల్లి సంగతి కూడా నువ్వన్నట్టే చేద్దాం."

మేం బిత్తరపోయాం. పదకొండేళ్ళు చాకిరీ చేసిన మనిషిని ఒక పెరటి మీద పెట్టి పందెం కాసినట్టు లేదూ? గున్నయ్య నా వైపు చూశాడు, నేను మాలో నాలుగోవాడు లింగమూర్తి వైపు చూశాను.

మర్నాడే విరూపాక్షం గళ్ళ కాగితం మీద పటం గీశాడు. ఏమాటకామాట చెప్పాలి, ఆ పటం ముచ్చటగా ఉంది. నడుమ ఇటుకల బాట, అటూ ఇటూ గులాబీ మళ్ళు, అంచున చామంతి, మూల మల్లెపందిరి. ఉన్న పెరడు చూడబోతే ఏముంది, కొమ్మలు కొట్టక అడవిలా పెరిగిన కరివేపాకు, మోడైన నిమ్మ, తీగలు చుట్టుకుపోయిన మందార. వాటి వెనకాల, గురువుగారి గది గోడకి నాలుగు మూరల ఎడంలో, గుంట. స్నానాల నీళ్ళూ అంట్ల నీళ్ళూ కాలవ కట్టి ఆ గుంటలోకే పోయేవి. దాని చుట్టూ ఏనుగు చెవులంత ఆకులతో చేమ, మెట్టతామర, మూడు అరటి పిలకలు పెరిగి గుబురైపోయాయి. నల్ల బురద, దోమలు, కప్పలు.

విరూపాక్షం ఆ గుంట దగ్గర నిలబడి చాలాసేపు లెక్క కట్టాడు. చివరికి మాతో అన్నాడు: "చూశారా, ఆరేళ్ళలో ఇది ఒక్కసారీ నిండి పొంగలేదు. అంటే ఇందులోకి వచ్చే నీళ్ళే తక్కువన్నమాట. నాలుగు తట్టల కంకర పోసి పూడ్చేస్తే చాలు, నేలే పీల్చేసుకుంటుంది."

చదువుకున్నవాడి మాట, మాకు సబబుగానే తోచింది. గున్నయ్య గునపం తీశాడు, నేను పలుగు తీశాను. చేమ దుంపలు ఊడుతుంటే పైడితల్లి పరిగెత్తుకొచ్చింది.

"ఏటి సేత్తన్నారు? సేమ పీకేత్తే ఆ నీల్లెవులు తాగుతారు? నువ్వు తాగుతావా బాబూ? నీ కాయితం మీద గీతలు తాగుతాయా? బుర్రల్లో ఏటుందిరా మీకు, కప్పలున్నాయా?"

లింగమూర్తి నవ్వాడు. విరూపాక్షం నవ్వలేదు. "విన్నారా" అన్నాడు గురువుగారితో, "నలుగురి ముందూ ఎలా అంటోందో." గురువుగారు విన్నారు.

పైడితల్లి ఊడిన దుంపల్లో ఓ పదీపన్నెండు ఏరి కొంగున మూట కట్టుకుంది. వసారాలోకి వెళ్ళి బట్టలు మూట కట్టుకుంది. "నలబై రోజులెందుకు, ఇయ్యాలే ఎల్తాను" అంది. గురువుగారు, "ఎక్కడుంటావమ్మా?" అని అడిగారు. "మక్కువ ఊరి పక్కన మా సెల్లి ఉంది" అంది. ఆయన తల ఊపారు, అంతే. ఉండమనలేదు. పదకొండేళ్ళ మనిషి గుమ్మం దిగి వెళ్ళిపోతుంటే ఆ మహానుభావుడు పంచె సర్దుకుని లోపలికి వెళ్ళిపోయారండీ.

తోట మాత్రం కుదిరింది. శివరాత్రి దాటాక నాటిన గులాబీలు ఉగాదికి మొగ్గ తొడిగాయి. మళ్ళు ఎత్తుగా ఉంటే అందమని విరూపాక్షం చెరువు మట్టి తోలించి తోటంతా జానెడు ఎత్తు చేశాడు. గుంట ఉన్నచోట రాతిబల్ల వేయించాడు. ఊళ్ళోవాళ్ళు చూడ్డానికి వచ్చేవారు. ఇంకో వింత ఏమిటంటే, గురువుగారి గది చల్లబడింది. ఎండలు ముదురుతున్నాయి, ఆ గది మాత్రం కుండలా చల్లగా ఉండేది. "తోట మహిమ" అన్నాం అందరం. గురువుగారు కూడా, "హాయిగా నిద్ర పడుతోంది నాయనా" అన్నారు. విరూపాక్షం ఆనందం పట్టలేక ఆ పూట రెండుసార్లు బాట ఊడ్చాడు.

ఇంట్లో సంగతే కొంచెం తేడాగా ఉండేది. పైడితల్లి వెళ్ళిన నాలుగో రోజున బావి దగ్గర బక్కెట్టు గురించి గున్నయ్యకీ లింగమూర్తికీ మాటామాటా వచ్చింది. వారం తిరిగేసరికి వాళ్ళు ఎదురెదురుగా కూచుని తినడం మానేశారు. నా తువ్వాలు కనపడకపోతే నేను విరూపాక్షాన్ని ఒక మాట అన్నాను. ఏమన్నానో ఇక్కడ రాయను, నా వయసుకి తగిన మాట కాదు. అతను నాతో మూడు రోజులు పలకలేదు. పాఠం వేళకి నలుగురం నాలుగు మూలల్లో కూచునేవాళ్ళం. ఎండల వల్ల అనుకున్నాం.

ముప్ఫై తొమ్మిదో రోజు మధ్యాహ్నం. ఆకాశంలో మబ్బు తునక లేదు. గురువుగారు భోంచేసి గదిలో మంచం మీద నడుం వాల్చారు. మేం వీధి అరుగు మీద ఎవరి దిక్కు వాళ్ళు చూస్తూ కూచున్నాం. ఏదో పెద్ద జంతువు నేల మీద కూలబడ్డట్టు ధబ్బుమని చప్పుడైంది. ఇల్లంతా ఒకసారి కదిలింది.

పరిగెత్తాం. గది నిండా ఎర్రటి దుమ్ము, ఏమీ కనపడదు. విరూపాక్షం "గురువుగారూ" అని ఒక్కసారి పిలిచాడు. ఏ సమాధానమూ లేదు. ఆ కాసేపట్లో నేను ఆయన్ని పాడె మీద కూడా చూసేశాను, అబద్ధం చెప్పను.

దుమ్ము దిగింది. వెనక గోడ లేదు. వానాకాలంలో మట్టిగోడ పడటం అందరం ఎరిగిందే, చినుకు లేని చైత్రమాసంలో పడటం ఎవడైనా చూశాడా? నిలువెత్తు గోడ మొదలంటా కరిగి, పెరట్లోకి బోర్లా పడింది. టేకు స్తంభాలు ఉండబట్టి కప్పు నిలిచింది. రాతిబల్ల మీద గోడ, గులాబీల మీద గోడ. లోపలివైపు పడి ఉంటే మంచం మీద గోడ.

గురువుగారు మంచం మీద లేచి కూచుని ఉన్నారు. తల నుంచి పాదాల దాకా మట్టి, కళ్ళు రెండే తెల్లగా కనపడుతున్నాయి. ఆయన గోడ ఉండాల్సిన చోటునుంచి బయటికి చూస్తున్నారు.

"విరూపాక్షం" అన్నారు, "నీ తోట ఇప్పుడు మంచం మీంచే కనపడుతోంది."

విరూపాక్షం తన తువ్వాలుతో ఆయన ముఖం మీది మట్టి తుడిచాడు.

తర్వాత రాతిబల్ల పక్కన తవ్వి చూశాం. రెండు జానల లోతు తవ్వేసరికి నల్లటి నీళ్ళు బుడబుడమని పైకొచ్చాయి. ఐదుగురి స్నానాలు, మూడు పూటల అంట్లు. ముప్ఫై తొమ్మిది రోజుల మురికినీళ్ళు తాగేది లేక, తోట ఎత్తు కావడంతో వాలు ఇంటివైపు తిరిగి, గోడ అడుగునే నిలిచాయి. మేం తోట మహిమ అనుకున్న చల్లదనం అదీ. ఆ చెమ్మని ఆనుకునే మంచం వేసి, ఆయన్ని రోజూ పడుకోబెట్టాం.

"ఎవరూ చెప్పలేదే" అన్నాడు విరూపాక్షం, తనలో తను అనుకుంటున్నట్టు.

"చెప్పింది" అన్నారు గురువుగారు. "తిట్టులో చుట్టి చెప్పింది. మనం తిట్టు ఒక్కటే తీసుకున్నాం. నేను కూడా."

ఆ మాట మాకు గోడ కూలిన చప్పుడుకన్నా పెద్దగా వినిపించింది. ఆయన అన్నీ తెలిసే చేస్తారని మేం ఆరేళ్ళుగా నమ్మకంతో ఉన్నాం. గోడ పడుతుందని ఆయనకీ తెలియదు.

విరూపాక్షం మర్నాడు తొలి బస్సుకే మక్కువ వెళ్ళాడు. తోడు రమ్మంటే నేనూ వెళ్ళాను. పైడితల్లి చెల్లెలింటి వాకిట్లో చింతపండు పిక్కలు తీస్తోంది. మమ్మల్ని చూసి లేవలేదు.

"గోడ పడిపోయింది" అన్నాడు విరూపాక్షం.

ఆమె చేతిలో చింతపండు జారిపోయింది. "అయ్యకి తగిలిందేటి?"

"లేదు. బయటికి పడింది."

ఆమె జారిన చింతపండు ఏరి తట్టలో వేసుకుంది. ఆ తర్వాత మొదలుపెట్టింది. విరూపాక్షం చదువుతో మొదలుపెట్టి, అతనికి పాఠం చెప్పిన పంతుల్ని, ఆ గళ్ళ కాగితాన్ని, దాన్ని అమ్మిన కొట్టువాణ్ణి, గునపం పట్టినందుకు గున్నయ్యని, పలుగు పట్టినందుకు నన్ను, ఎవర్నీ వదల్లేదు. చుట్టుపక్కల ఆడవాళ్ళు వచ్చి గోడలమీంచి చూశారు. విరూపాక్షం తల ఎత్తకుండా మొత్తం విన్నాడు. ఈసారి తిట్ల మధ్యలో ఉన్న మాటలు కూడా విన్నాడనుకుంటాను, ఎందుకంటే "వాలు మల్లీ కాలవకేసి తిప్పాల" అని ఆమె అన్నచోట జేబులోంచి పెన్సిలు తీశాడు.

"రావమ్మా" అన్నాడు చివరికి.

"నానొత్తే నోరు మూసుకుని రాను."

"మూసుకోవద్దు" అన్నాడు.

ఆమె చెల్లెలి పెరట్లోకి వెళ్ళి, పాతి ఉంచుకున్న చేమ దుంపలు తవ్వి గోనెసంచిలో వేసుకుని వచ్చింది. ఒక్కొక్కటీ మొలకెత్తి ఉంది. బస్సు ఎక్కేటప్పుడు సంచి నేను పట్టుకుంటానంటే, "నువ్వు పలుగే పట్టుకో" అంది.

పెరడు మళ్ళీ వేశాం. గోడ రాతి పునాది మీద లేచింది. విరూపాక్షం కొత్త పటం గీశాడు. ఈసారి కాగితం మీద అన్నిటికన్నా ముందు గుంట గీసి, మిగతావన్నీ దాన్నుంచి కొలుచుకున్నాడు. బతికిన గులాబీలు వీధివైపు వెళ్ళాయి. గుంట పాతచోటే, చుట్టూ చేమ, మెట్టతామర, అరటి. కప్పలు ఎక్కణ్ణుంచి వచ్చాయో వాటంతటవే వచ్చేశాయి. గున్నయ్య, లింగమూర్తి మళ్ళీ ఎదురెదురుగా కూచుని తింటున్నారు. రాయి తగిలితే ఏం చేస్తున్నారో మీకు చెప్పక్కర్లేదు.

శ్రావణమాసం వచ్చేసరికి చేమ ఆకులు మోకాలి ఎత్తుకి లేచాయి. ఒక ఉదయం గురువుగారు భుజాన తువ్వాలు వేసుకుని స్నానానికి వెళుతుంటే విరూపాక్షం ఎదురొచ్చాడు.

"గురువుగారూ, ఆ రోజు నేనడిగినదానికి మీరు జవాబు చెప్పనేలేదు."

పెరటి వైపునుంచి పైడితల్లి గొంతు వినపడుతోంది. ఆ పూట తిట్ల వంతు లింగమూర్తిది. గురువుగారు ఆగి కాస్త విన్నారు. స్నానాల గది తలుపు మీద చెయ్యి వేసి, వెనక్కి తిరిగి అన్నారు:

"ఆరేళ్ళలో మన ఇంట్లో గొడవ రాలేదన్నావు నాయనా. గుంట కూడా నిండలేదన్నావు."