ఈరవ్వ గడ్డపార

అనగా అనగా, కొండకు ఎర్ర రంగు ఎవరు పూసిండ్రో ఎవరికీ ఎరుక లేని కాలం. ఆ ఎర్రకొండ కింద ఒక చిన్న ఊరు. ఊరంతా ఇనుము తీసేటోళ్లే. కొండల గుంత తవ్వి ఎర్రరాయి తెచ్చేటోళ్లు. దాన్ని శెనగ గింజలంత కొట్టి, కడిగి, మట్టిబట్టిల ఒక వరుస బొగ్గు, ఒక వరుస రాయి నింపేటోళ్లు. కింద నిప్పు పెట్టి, మేకతోలు తిత్తులతోని గాలి ఊదేటోళ్లు.

ఎంతసేపు ఊదాలె? అప్పుడు గడియారాలున్నయా ఏమన్న? పాటే లెక్క. రాయి పాట, బొగ్గు పాట, గాలి పాట. మూడూ అయినంకనే బట్టి పగలగొట్టాలె. ఆ పాట పాడేది ఈరవ్వ. మొగడు పోయినామె, ఒక్కడే కొడుకు. పండుగకు పిలిస్తే పిలిచిండ్రు, లేకుంటే లేదు. పాట కావాలంటే మాత్రం పొద్దుగాలనే ఇంటి ముంగట నిలబడేటోళ్లు.

ఇంకొక పద్ధతి ఉండె ఆ ఊళ్లె. తొలివానకు ముందు ఉన్న ఇనుమంతా ఏరు దాటించి రైతులకు ఇచ్చి రావాలె. ఇంట్ల ఇనుము మిగిలితే కొండకు కోపమొస్తదని వాళ్ల భయం. తవ్వేటందుకు ఒక్క గడ్డపార ఉంచుకునేది, అంతే. సమ్మెట నల్లరాయిది, పటకారు పచ్చికట్టెది.

ఆ ఏడు ఇనుమంతా ఏరు దాటింది. తెల్లారే వాన దంచికొట్టి ఏరు పొంగింది. వాన తెరిపిచ్చినంక ఈరవ్వ కొడుకు మొండయ్య ఆఖరి గంపెడు రాయి కోసం గుంతల దిగిండు. పెద్ద బండ జారి గుంత నోట్లె పడ్డది. మొండయ్య లోపల. ఉన్న ఒక్క గడ్డపార బండ కింద.

ఊరోళ్లు కట్టెలు పెట్టి లేపవోయిండ్రు. టేకు కట్టె విరిగింది. తుమ్మ కట్టె విరిగింది. మద్ది కట్టె గూడ విరిగింది. ఏరు దాటి ఇనుము తెద్దామంటే ఆ పొంగుల ఈదే మొగోడు లేడు. బండ పక్క సందుల నుంచి మాట పోతాంది, వెదురు గొట్టంతోని గంజి పోతాంది. కానీ బండ కొంచెం కొంచెం కిందికి దిగుతాంది.

"కొత్తగ ఇనుము తీద్దాం. గడ్డపార కొడదాం. ఇంకో తొవ్వ లేదు," అన్నడు బట్టిపెద్ద సాంబయ్య.

గుంత పక్కనే బట్టి కట్టి, ముందే తీసి పోసిన రాయి నింపిండ్రు. ఈరవ్వ పాట ఎత్తుకున్నది. కొడుకు బండ కింద ఉంటే ఏ తల్లికి పానం నిలుస్తది? రాయి పాట అయింది. బొగ్గు పాట అయింది. గాలి పాట సగం మింగేసింది.

"అయిపోయింది, పగలగొట్టుండ్రి," అన్నది.

ముద్ద బయటికి తీసి సమ్మెటతోని కొడితే బెల్లంగడ్డ తీరు పొడిపొడి అయింది. రాయిల మురికి కరిగి కారిపోనే లేదు. సాంబయ్యకు సమజైంది గానీ ఆమె దిక్కు చూడలే.

ఈరవ్వనే చెప్పింది. "నేనే పాడుచేసిన మరిదీ. భయానికి సగం పాట విడిచిన."

"ఇంకొక్క బట్టికి బొగ్గున్నది ఒదినె," అన్నడు సాంబయ్య. "గంతే ఉన్నది."

మళ్ల బట్టి కట్టిండ్రు. మళ్ల పాట ఎత్తుకున్నది.

రాయి పాట నడుస్తాంది. లోపల్నుంచి మొండయ్య పిలిచిండు. "అవ్వా, ఉన్నవా?"

పలకాలంటే పాట ఆపాలె. ఆపితే తిత్తులు ఆగుతయి, లెక్క తప్పుతది. ఈరవ్వ పలకలే. పాడింది.

బొగ్గు పాట నడుస్తాంది. "అవ్వా, బండ దిగుతాందే. ఉన్నవా?"

కోడలు లచ్చవ్వ వచ్చి కాళ్ల మీద పడ్డది. "అత్తా, ఒక్క మాట పలుకు. లేకుంటే జల్ది ముగించు." ఈరవ్వ కండ్లల్ల నీళ్లు కారుతున్నయి. పాట మాత్రం దాని నడక అది నడుస్తాంది.

గాలి పాట మొదలైంది. ఈసారి పిలుపు రాలే.

పిలిచినప్పుడు ఏడ్చిన మనిషికి, పిలవకపోయేసరికి గుండె జారిపోయింది. తొలిసారి విడిచిపెట్టిన చోటికి పాట వచ్చింది. తిత్తులు ఊదేటోళ్లు ఆమె మొఖం దిక్కే చూస్తున్నరు. ఇప్పుడు ఆపమంటే ఆపేటట్టే ఉన్నరు. ఈరవ్వ కండ్లు మూసుకున్నది. ఆ సగం గూడ పాడింది, ఒక్క మాట విడువకుండ.

బట్టి కింది తూటు నుంచి చిట్టెం ఎర్రగ కారిపోయింది. మురికంతా దాంట్లనే పోయింది. గోడ పగలగొట్టి ముద్ద తీసిండ్రు. కొట్టిండ్రు, కాల్చిండ్రు, మళ్ల కొట్టిండ్రు. ఈసారి పగల్లే, సాగింది. గడ్డపార అయింది. దాన్ని బండ కింద పెట్టి పదిమంది ఒరిగితే బండ లేచింది.

మొండయ్యను భుజాలు పట్టి గుంజిండ్రు. బతికే ఉన్నడు. కండ్లు తెరిచి తల్లిని చూసి, అంత పెద్ద మొగోడు చిన్నపిల్లగాని లెక్క అలిగిండు.

"పిలిస్తే పలకవేందే అవ్వా?"

ఈరవ్వకు గొంతు లేదు. గాలే వస్తాంది. ఆ గాలితోనే అన్నది. "పొద్దంతా పలుకుతనే ఉన్న గద బిడ్డా."

ఆ గొంతు మళ్ల రాలే. కొన్నేండ్లకు ఆమె పోయింది. పాట కోడలు లచ్చవ్వ నేర్చుకున్నది. ఆ గడ్డపారను మాత్రం ఊరోళ్లు ఏరు దాటియ్యలే. గుంత నోటికాడ నిలబెట్టిండ్రు. కొండకు కోపం రాలేదా అంటరా? వస్తే రానీ అనుకున్నరు.

ఇప్పటికీ ఆ కొండ కింద గుంతల దిగేటోడు, దిగే ముందు పైనున్నోళ్లను అడుగుతడు. "ఈరవ్వ ఉన్నదా?"

పైనోళ్లు నోటితోని పలకరు. ఆ గడ్డపారను రాయికేసి మూడుసార్లు కొడతరు. ఆ మోత విన్నంకనే వాడు లోపలికి కాలు పెడతడు.