ఆఖరి కేబుల్

జోగారావు మాస్టారు అడిగినదానికి సూటిగా జవాబు చెప్పిన పాపాన పోలేదు. కాకినాడలో కంప్యూటర్లు కట్టి ఇచ్చే దుకాణం ఆయనది. ఆయన హస్తవాసి మంచిదని ఊళ్ళో పేరు. మిగతా పనంతా ఎవరు చేసినా, మానిటర్‌కు వెళ్ళే ఆఖరి కేబుల్ మాత్రం ఆయనే తగిలించి, దణ్ణం పెట్టుకుని స్విచ్చి నొక్కేవారు. రెండేళ్ళుగా ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న నీలవేణి ఆ సమయానికి పక్కకు తప్పుకుని నిలబడేది.

ఒక సాయంత్రం ఆమె ఉండబట్టలేక అడిగేసింది. "మాస్టారూ, ఏ ప్రాసెసరుకు ఏ గ్రాఫిక్స్ కార్డు సరిజోడో చూడ్డం నేర్పారు. ఈ పనికి నేను సరిపోతానో లేదో ఎలా తెలుస్తుందండీ?"

మాస్టారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "రేపు ఇమ్మానుయేలు సిస్టమ్ నువ్వే కట్టు. ఆఖరి కేబుల్‌తో సహా," అన్నారు. అంతే, ఇంటికి వెళ్ళిపోయారు.

ఇమ్మానుయేలు యానిమేషన్ నేర్చుకున్న కుర్రాడు. అతని పాత కంప్యూటరు నడిమధ్యలో చేతులెత్తేసింది. వేటపడవ గురించి తీస్తున్న చిన్న సినిమాలో ఆఖరి దృశ్యం మిగిలిపోయింది. అది పూర్తిచేసి మర్నాడు సాయంత్రంలోగా పంపితేనే ఉద్యోగం మాట ఎత్తుతామని హైదరాబాదు స్టూడియో వాళ్ళు చెప్పేశారు.

నీలవేణి పెళ్ళిసంబంధం చూసినంత జాగ్రత్తగా ఎంచింది. ప్రాసెసరు పని పురమాయిస్తుంది, కార్డు బొమ్మ గీస్తుంది. పురమాయించేవాడు మందకొడి అయితే గీసేవాడు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలి. గీసేవాడికి చేతకాకపోతే వాడి మీద ఎంత అరిచినా లాభం లేదు. అందుకని వేగాలు పోల్చింది, మదర్‌బోర్డు మీద రెండూ అమరుతాయో లేదో చూసింది, కరెంటు చాలుతుందో లేదో చూసింది. అన్నీ కలిశాయి. మధ్యాహ్నానికి సిస్టమ్ కట్టి, కేబుల్ తగిలించి, మాస్టారిలాగే దణ్ణం పెట్టుకుని స్విచ్చి నొక్కింది. మానిటర్ వెలిగింది. అమ్మయ్య అనుకుంది.

ఇమ్మానుయేలు తన సినిమా తెరిచాడు. సముద్రం మీద సాగాల్సిన పడవ బురదలో కూరుకున్నట్టు ఆగి ఆగి కదిలింది.

"పాతదే నయంలాగుందక్కా," అన్నాడు, నవ్వబోయి నవ్వలేక.

నీలవేణి ప్రాసెసరు చాలలేదేమోనని అంతకంటే పెద్దది తెచ్చి మార్చింది. పడవ నడక మారలేదు. కార్డు ఊడదీసి మళ్ళీ పెట్టింది. అదే తంతు. మొదటినుంచీ అన్నీ పోల్చి చూసుకుంది, ఎక్కడా తేడా కనబడలేదు. బయట ఎండ వాలుతోంది. ఇమ్మానుయేలు గడియారం చూడటం మానేసి నేలచూపులు చూస్తున్నాడు. అతని నోటిదగ్గర కూడు తానే లాగేస్తున్నానని ఆమెకు ఏడుపొచ్చింది. ఈ పూట గట్టెక్కకపోతే రేపటి నుంచి ఈ దుకాణం గడప తొక్కకూడదని మనసులో అనేసుకుంది.

పొద్దున్నుంచీ పేపరు తప్ప మరేదీ పట్టనట్టు కూర్చున్న మాస్టారి వైపు తిరిగింది. "ఈ రెండింటికీ పొసగడం లేదు మాస్టారూ. లోపం దేనిదో నాకు అంతుబట్టడం లేదు."

మాస్టారు లేచి వచ్చి కేబినెట్‌లోకి తొంగిచూశారు. "రెండింటి మీదా చెయ్యి పెట్టి చూడమ్మా," అన్నారు.

ప్రాసెసరు మీది లోహపు రెక్కలు చుర్రుమన్నాయి. కార్డు మాత్రం చల్లగా ఉంది. ఇంత పని జరుగుతుంటే దీనికి వెచ్చదనమైనా తగల్లేదేమిటని ఆమె తెల్లబోయింది.

"జాతకాలు బాగానే కలిపావు. కాపురం పెట్టించావా?"

నీలవేణి గబగబా వెనక్కి వెళ్ళి చూసింది. మానిటర్ కేబుల్ కార్డుకు బదులు బోర్డుకున్న పోర్టులో ఉంది. ప్రాసెసరుకూ కాస్తో కూస్తో బొమ్మ గీయడం వచ్చు కనుక తెర వెలిగింది. భారమంతా దాని నెత్తినే పడింది. కార్డు తన పోర్టు ఖాళీగా పెట్టుకుని ఊరికే కూర్చుంది. ఆమె కేబుల్ పీకి కార్డుకు తగిలించింది. పడవ అలల మీద తేలిపోయింది. ఇమ్మానుయేలు "ప్రభువా!" అని కుర్చీ ముందుకు లాక్కున్నాడు. దీపాలు పెట్టే వేళకు సినిమా పంపించేసి, ఇద్దరికీ చేతులు జోడించి వెళ్ళాడు.

నీలవేణి మాత్రం తేరుకోలేదు. స్క్రూడ్రైవరు తెచ్చి మాస్టారి బల్ల మీద పెట్టింది. "నిన్నటి ప్రశ్నకు జవాబు దొరికింది మాస్టారూ. ఇంత చిన్న సంగతి తెలియలేదు. నేను సరిపోను," అంది.

మాస్టారు ఆ కేబుల్ వైపు ఒకసారి చూశారు. తరవాత స్క్రూడ్రైవరు తీసి ఆమె చేతిలోనే పెట్టారు.

"ఆ ఆఖరి కేబుల్ రెండేళ్ళుగా నీ చేతికి రానివ్వలేదు. నువ్వు సరిపోవని తేల్చేముందు, నిన్ను నేనెక్కడ తగిలించానో చూసుకోనియ్యి అమ్మాయ్," అన్నారు.