శెట్టిగారి గాజుతొట్టిలో గులివిందలు

అనగనగా ఒక రేవుపట్నం. ఆ పట్నంలో ఓడలవాళ్ళు ఎందరున్నా, ముందుగా వినబడేది వరహాలశెట్టి పేరే.

శెట్టి ఇంటి చావడిలో నిలువెత్తు గాజుతొట్టి ఉండేది. అందులో సముద్రపు నీళ్ళు. పడవ పంపి అలల అవతల నుంచి తెప్పించిన తేట నీళ్ళు. అడుగున మెత్తటి ఇసుక. ఆ నీళ్ళలో ఒక చిలకచేప, ఒక గుంపు చారల చేపలు, రెండు గులివిందలు. గులివిందలు అక్కాచెల్లెళ్ళు.

గులివింద చేపకి గడ్డం కింద రెండు మీసాలుంటాయి. వాటితో ఇసుకను తడుముతుంది. దొరికింది తింటుంది.

ఆ కాలంలో చేపలకు మాటలు వచ్చు. అడిగితే చెప్పేవి. అడగకపోతే ఊరుకునేవి.

రోజూ పొద్దున్నే శెట్టి తన చేత్తో మేత చల్లేవాడు. మేత నీటి మీద తేలేది. చిలకచేప ఎగిరి అందుకునేది. చారల చేపలు కుమ్ముకునేవి. కిందకి ఒక్క పలుకు దిగేది కాదు. గులివిందలు ఇసుకలో ఉన్న సన్నపురుగుల్ని ఏరుకు తిన్నాయి. అవీ అయిపోయాయి. పొట్టలు లోపలికి పోయాయి. వెన్ను కత్తి అంచులా తేలింది.

చూడవచ్చిన వర్తకులు నవ్వారు.

"ఏం శెట్టిగారూ, మీ చేపలు ఏకాదశి ఉంటున్నాయా?"

శెట్టికి తల కొట్టేసినట్టయింది. మేత చాలడం లేదు కాబోలనుకుని రెట్టింపు చల్లాడు. చిలకచేప బలిసింది. మిగిలిన మేత గాజు అంచులకు అంటుకుని కుళ్ళింది. గులివిందలు అలాగే ఉన్నాయి.

"ఈ ఇసుక కెలికే బుద్ధి పోతే గాని పైకి రావు" అని శెట్టి ఇసుకంతా తోడించేశాడు. నున్నటి పాలరాతి పలకలు పరిపించాడు. తొట్టి మెరిసిపోయింది. గులివిందలు రాతిని తడిమాయి. మీసాలు ఒరిసిపోయాయి. ఒక పొద్దున చెల్లెలు పక్కకి ఒరిగి తేలింది.

శెట్టి భార్య పైడితల్లమ్మ దాన్ని దోసిట్లోకి తీసుకుంది. బరువు లేదు.

ఈసారి శెట్టి, మిగిలిన గులివింద గురించి మిగతా చేపల్ని సలహా అడిగాడు.

"దానికి పొగరు, శెట్టిగారూ" అంది చిలకచేప. "మీ చెయ్యి కనబడితే మాకు ప్రాణం లేచొస్తుంది. అదేమో తలెత్తి చూడదు!"

"అవునవును, ఒళ్ళంతా పొగరే" అన్నాయి చారల చేపలు.

"నా తిండి తినని చేప నా ఇంట్లో ఎందుకు? సాయంత్రానికి పులుసు పెట్టు" అన్నాడు శెట్టి భార్యతో.

పైడితల్లమ్మ కదల్లేదు.

"అందర్నీ అడిగారు. దాన్ని అడిగారా?"

"ఏమిటే, చేపని బతిమాలమంటావా?"

"బతిమాలొద్దు. అడగండి."

శెట్టి తొట్టి దగ్గర వంగాడు. "ఏమే గులివిందా, ఇంత పెడుతుంటే ఎందుకు తినవు?"

గులివిందకి అబద్ధం చేతకాదు.

"పెడుతున్నారు బాబూ. నీటి మీద పెడుతున్నారు. నా నోరు కిందికుంది. మీసాలు కిందికున్నాయి. తలెత్తి తినడం నాకు రాదు. ఇసుకలో ఉంటేనే నాకది తిండి."

"మరి ఇన్నాళ్ళూ చెప్పవేం?"

"అడిగితే చెప్పేదాన్ని, బాబూ. మా చెల్లెలూ చెప్పేది."

శెట్టి లేచి పనివాళ్ళని కేకేశాడు.

ఆ పూటే పలకలు లేచాయి. ఇసుక తిరిగి వచ్చింది. పైడితల్లమ్మ ఒక వెదురు గొట్టం తెచ్చి అడుగుదాకా దించి, అందులోంచి పచ్చిరొయ్య ముక్కలు జారవిడిచింది. గులివింద మెల్లగా తడిమింది. దొరికింది. ఇంకాస్త తవ్వింది. నీళ్ళన్నీ మసకబారాయి.

"ఛీ, ఏమిటీ దుమ్ము!" అంది చిలకచేప. చారల చేపలు మాత్రం గులివింద వెనకే చేరి, పైకి లేచిన ముక్కల్ని ఏరుకున్నాయి.

కొన్నాళ్ళకు గులివింద పొట్ట నిండింది. వెన్ను మీద కండ వచ్చింది. ఒక మీసం మాత్రం పొట్టిగానే ఉండిపోయింది.

శెట్టి ఒకనాడు తొట్టి ముందు నిలబడి అన్నాడు. "ఆ చిన్నదాన్ని కూడా అడిగి ఉండాల్సింది."

"ఉండాల్సింది" అంది పైడితల్లమ్మ.

కనుక పిల్లలూ, పెద్దలూ, పెట్టేవాళ్ళు తినేవాళ్ళని అడిగి పెట్టాలి. అదీ వాళ్ళు బతికుండగానే అడగాలి.