కుళ్ళాయప్ప నెత్తికి ఎక్కని గుడ్డ

నా రెండు మీసాల మీద ఒట్టు పెట్టి చెప్తాండా, ఇది మీరు నమ్మరు. మీరు నమ్మే మాటలైతే మీ ఇంట్లోనే దొరుకుతాయి, నా దగ్గరికి వచ్చి కూర్చోవాల్సిన పనేముంది?

నేను బడికి పోయింది పలక పగలగొట్టేకి. ఆ పని అయిపోతానే వచ్చేసినా. కాబట్టి ఇది యాడో చదివింది కాదు, కళ్లతో చూసింది. ఈ కళ్లు ఎట్లాంటివనుకున్నారు? ఎగిరే పిట్ట నీడ చూసి అది మగదో ఆడదో చెప్తాయి. సరే, నా గొప్ప తర్వాత. ముందు మా బామ్మర్ది సిగ్గు కథ వినండి.

మా ఊరి గుట్ట కింద బుడన్ తాత అని ఒకాయన ఉండె. పిట్టల కుక్కలకు పని నేర్పించేటోడు. పిట్టల కుక్కంటే మీద పడి కరిచేది కాదప్పా. గడ్డిలో కౌజుపిట్ట యాడ దాక్కుందో వాసన పట్టి, అక్కడ రాయి మాదిరి నిలబడిపోవాల. మనిషి మెల్లగా పోయి వల వేస్తాడు. వల తప్పిన పిట్టను కుక్కే గాటు పడకుండా నోట పట్టి తేవాల. ఆ కాలంలో చెల్లిపాయె. ఇప్పుడు కౌజు మీద చెయ్యేస్తే జైలే.

తాత దగ్గర ఒక ముసలి కుక్క ఉండె. గుట్టెక్కి గాలి పీల్చిందంటే కదిరిలో ఎవరింట్లో ఏం కూరో చెప్పేది. కోడికూరైతే తోక ఊపేది. వంకాయైతే పడుకునేది. నవ్వద్దండి. మా యత్త ఆ కుక్కను చూసే వంట మొదలుపెట్టేది.

ఆ తాత దగ్గర శిష్యుడుగా చేరినాడు మా బామ్మర్ది కుళ్ళాయప్ప. నా పెళ్లాం తమ్ముడు. చెయ్యి మంచిది, ఓపిక లేదు. తాత వానికి ఒక కుక్కపిల్లను ఇచ్చినాడు. తెల్లది, చెవి మీద బెల్లంముక్కంత మచ్చ. దాన్ని వేటలోకి దింపితే వాని చదువు అయిపోయినట్టే.

పిల్ల చేతికి వచ్చినప్పటి నుంచి వానిది ఒకటే గోల. "తాతా, దీన్ని వేటకు ఎప్పుడు దింపుదాం?"

తాత కోళ్లగూట్లో చెయ్యి పెట్టి ఒక గుడ్డు తీసినాడు. "నోరు తెరువు" అన్నాడు. గుడ్డు వాని పళ్ల మధ్యన పెట్టి, "బాయి దాకా పోయి రా" అన్నాడు.

నేను ఊరుకుంటానా? దారి పొడుగునా వాని వెంట నడిచినా. "ఏం బామ్మర్దీ, గుడ్డు పెట్టేకి పోతాండావా? గంప తెమ్మంటావా?" అంటి. వాడు నన్ను తిట్టబోయినాడు. అంతే, సొన గడ్డం మీద కారె.

అట్లనే తిరిగొచ్చి నిలబడినాడు. తాత నవ్వలేదు. "పిట్ట పానంతో రావాల్రా కుళ్ళాయీ. కుక్క నోరు తర్వాత. ముందు నీ నోరు మెత్తబడనీ" అన్నాడు.

పిల్ల మాత్రం తొందరగా నేర్చుకుంది. గుడ్డును నోట్లో పట్టుకొని తెస్తాంటే, బాలింత బిడ్డను మోసినట్టుండేది.

ఇప్పుడు మీకొక పద్ధతి చెప్పాల. కుక్కపిల్ల తెచ్చే మొదటి పిట్టను వాళ్లు తినరు. తాత తన తలగుడ్డ విప్పి నేల మీద పరుస్తాడు. పిల్ల పిట్టను తెచ్చి ఆ గుడ్డలో పెట్టాల. పంటి గాటు లేకపోతే తాత దాన్ని ఎగరేస్తాడు. ఆ గుడ్డ తీసి శిష్యుని నెత్తికి చుడతాడు. ఇంక వాడు శిష్యుడు కాదు, గురువు. నెత్తిన ఆ గుడ్డ లేనోడికి ఎవురూ కుక్కను అప్పజెప్పరు.

పక్కూరి రెడ్డి ముందే చెప్పిండాడు, "గుడ్డ కట్టుకొని రారా కుళ్ళాయప్పా, నా కుక్కలన్నీ నీకే" అని. వీడు ఊరుకున్నాడా? ఇంటింటికీ పోయి రమ్మని పిలిచొచ్చినాడు, పెళ్లికి పిలిచినట్టు.

పిలిచినాక పట్టుకుంది భయం. ఆ పిల్ల చేన్లోకి పోతే సీతాకోకచిలుకల వెంట ఉరుకుతాండె. రెడ్డి ముందర కూడా అట్లనే ఉరికితే?

పిల్లను వేటకు దింపే రోజు పొద్దున నేను వాని ఇంటికి పోతే, చూరుకు వేలాడే గూడు ఖాళీగా ఉండాది. వాడు పెంచుకునే కౌజుపిట్ట అందులో ఉండేది. వాని జోబీలో కొర్రలు పెట్టుకుంటే తలదూర్చి తినేది.

"పిట్ట యాడబోయ బామ్మర్దీ?" అంటి.

"పిల్లి తినింది బావా" అన్నాడు, నా మొగం చూడకుండా.

చేను కాడ జనం. కొర్ర కోసేసిన చేను, గట్ల మీద బోదగడ్డి, ఆ పక్కన ఒక కలివిపొద. తాత బండ మీద కూర్చున్నాడు. ముందర గుడ్డ పరిచిండాది. నేను ఆయన పక్కనే. మంచి చోటెప్పుడూ నాదే.

కుళ్ళాయప్ప పిల్ల మెడకు తాడేసి కలివిపొద దిక్కు నడిపించినాడు. పిల్ల కొంచెం దూరం పోయింది. ముక్కు పైకెత్తింది. ఒక కాలు ఎత్తి అట్లనే ఆగిపోయింది, గట్టు మీద బోదగడ్డికి ఎదురుగా. తోక కూడా కదల్లేదు. ఈగ వచ్చి దాని ముక్కు మీద వాలితే ఆ ఈగ కూడా గమ్మునయిపోయింది.

తాత లేచి నిలబడినాడు. ఆయన అట్ల లేవడం నేనెప్పుడూ చూడలే.

"అది కాదే! ఇట్ల!" అన్నాడు కుళ్ళాయప్ప. తాడు లాగినాడు. పిల్ల రాలే. జనం దిక్కు చూసినాడు. రెడ్డి ఆవలిస్తాండాడు. వీనికి ఏం తోచిందో, కాలెత్తి పిల్ల డొక్కలో తన్నినాడు.

అది కుయ్యిమన్నది. వాని మొగం దిక్కు చూసింది. మళ్లీ గడ్డి దిక్కు చూసింది. వాడు దాన్ని పొద కాడికి ఈడ్చుకుపోయినాడు.

పిల్ల పొదలోకి దూరి పిట్టను నోట కరుచుకొని వచ్చింది. గుడ్డును తెచ్చినట్టే తెచ్చింది. తాత గుడ్డలో పెట్టి పక్కకు పోయి నిలబడింది. జనం ఈలలు. కుళ్ళాయప్ప అప్పుడే నెత్తి సవరించుకుంటాండాడు.

తాత పిట్టను చేతుల్లోకి తీసుకున్నాడు. రెక్కలు తడిమినాడు, కాళ్లు తడిమినాడు. కాళ్ల కాడ ఆయన వేళ్లు ఆగినాయి. పిట్ట కాళ్లకు నల్లదారం కట్టుండాది. పక్కనుండే నాకు కనపడింది. తాత దారం విప్పి తన చిటికెన వేలికి చుట్టుకున్నాడు. ఎవురికీ చూపియ్యలే.

"గాటు లేదు. పిల్ల మంచిది" అన్నాడు. ఇంకా మెల్లగా, "ఎండగా ఉండాది కుళ్ళాయీ. ఈ పిట్టను ఈపొద్దు నా దగ్గరే ఉండనీ" అన్నాడు.

చూడండప్పా, దేవుడు తలుపు తెరిచి పెడితే మనిషి గోడకు తల కొట్టుకునేది ఇట్లనే.

"అదెట్ల తాతా? ఎగరెయ్యాల. పద్ధతి పద్ధతే!" అని జనానికి ఇనపడేటట్టు అరిచినాడు వాడు.

"ఎగరెయ్యమంటావా?"

"ఎగరెయ్ తాతా!"

తాత చేతులు పైకెత్తి వదిలినాడు.

పిట్ట ఎగిరింది. మా నెత్తుల మీద ఒక చుట్టు తిరిగింది. దిగింది. రెక్కలు దులుపుకొని, జనం కాళ్ల సందున పెళ్లికూతురు మాదిరి నడుచుకుంటా వచ్చి కుళ్ళాయప్ప పాదం మీద ఎక్కి నిలబడింది. వాడు కాలు విదిలిస్తే మళ్లీ ఎక్కింది. ఉష్ ఉష్ అంటే భుజం మీదికెగిరింది. ఆడినుంచి దిగి జోబీలో తల దూర్చింది. కొర్రలకు.

"పిల్లి కక్కిందా బామ్మర్దీ?" అన్నా నేను.

ఇంక చూస్కోండి. రెడ్డి నవ్వి నవ్వి కళ్లు తుడుచుకొని, లేచి బండెక్కి పాయె. జనం పొట్టలు పట్టుకొని నవ్వుతాండారు. ఆ నవ్వుకు మా గుట్ట మీద బండలు దొర్లినాయి, కావాలంటే ఇప్పటికీ కిందనే పడుండాయి.

కుళ్ళాయప్ప తల నేలకు దించినాడు. చెవులు ఎర్రగయినాయి.

కుక్కపిల్లకు ఆ నవ్వులు అర్థం కాలే. తానే ఏదో తప్పు చేసిందనుకుంది. చెవులు వాల్చి, కడుపు నేలకానించి పాక్కుంటా పాక్కుంటా వచ్చింది. ఏ కాలు తనను తన్నిందో, ఆ కాలు మీదనే గడ్డం పెట్టి పడుకుంది.

నవ్వినోళ్లలో అందరికన్నా ముందు నేనే. ఆపిందీ నేనే ముందు.

తాత గుడ్డ దులిపి చేతికి తీసుకున్నాడు. బోదగడ్డి కాడికి నడిచి, రమ్మని కుళ్ళాయప్పకు వేలు చూపించినాడు. వాడు పోయినాడు. వెనకే పిల్ల పోయింది. దాని వెనక నేను.

తాత రెండు వేళ్లతో గడ్డిని పక్కకు తీసినాడు.

లోపల కౌజు. గుడ్ల మీద పొదుగుతాండాది. అంత అరుపులకు, అంత నవ్వులకు అది లేవలే. కన్ను మాత్రం ఒకసారి మూసి తెరిచింది. దాని ముందర పిల్ల మళ్లీ కాలెత్తి నిలబడింది, డొక్క ఎగరేసుకుంటా.

తాత గడ్డిని మళ్లీ కప్పినాడు.

కుళ్ళాయప్ప ఆడనే మోకాళ్ల మీద కూలబడినాడు. "తాతా, తప్పయిపాయె" అన్నాడు.

"నాకెందుకు చెప్తాండావు?"

ఆ మాట అని, తలగుడ్డను మడిచి పిల్ల మెడకు చుట్టినాడు బుడన్ తాత. చిటికెన వేలికుండే దారం విప్పి కుళ్ళాయప్ప చేతిలో పెట్టినాడు.

"గుడ్డ ఇప్పుడు నాది కాదు. దాన్నడిగి కట్టుకో" అన్నాడు. బోడినెత్తితోనే ఎండలో నడుచుకుంటా ఇంటికి పాయె.

కుళ్ళాయప్ప ఆ పిల్లను నేల మీద నడవనీయలే. చంకనెత్తుకొని ఊర్లోకి వచ్చినాడు. ఎవురన్నా ఏమన్నా అన్నారేమో వానికి తెలీదు. తలెత్తి చూస్తేగా?

తర్వాత వాడు మంచి పనోడయినాడు. వేట నిలిచిపోయినాక గొర్ల కాపర్లు వాళ్ల కుక్కలను తెచ్చి వాని దగ్గర విడుస్తాండ్రి. గుడ్డ లేకున్నా తెస్తాండ్రి. వాడు ఒక్క కుక్కను కూడా కొట్టింది నేను చూడలే. ఎంత ఎండయినా నెత్తి బోడిదే. గుడ్డ మాత్రం ఉతికి మడిచి దండెం మీద ఉండేది, దాని కిందనే ఆ కుక్క పడుకునేది.

అది ముసలిదయినాక ఒకనాడు నాకు ఉండబట్టలేక అడిగితి. "ఏం బామ్మర్దీ, నెత్తి పగిలిపోతాండాది, ఇంకా అది ఒప్పుకోలేదా?"

వాడు దాని చెవి మీది మచ్చ నిమురుతాండాడు.

"అడిగితే ఒప్పుకుంటుంది బావా" అన్నాడు. "అందుకే అడగలే."

ఏం, అబద్ధమంటారా? పోండి మా ఊరికి. కుళ్ళాయప్ప నెత్తి మీద గుడ్డ చూసినోడు ఒక్కడుంటే పిలుచుకొని రాండి. ఈ రెండు మీసాలు మీ ముందరే గీయించుకుంటా.