కిందరేవు దాటిన మంద

ఆ ఏడు ఎండలకి వాగుకి ఇవతల గడ్డిపరక మిగల్లేదు. అడవిగేదెల మంద అవతలికి దాటక తప్పదు. మందకి పెద్ద కర్రెన్న అనే దున్నపోతు. కండకి కొదవలేదు, కోపానికీ కొదవలేదు. దాని ప్రాణమంతా మచ్చ అనే దూడ మీదే.

కిందరేవులో మొసలి మాటు వేసింది. అది పట్టినదాంట్లో నక్కకి వాటా. అందుకే నక్క పొద్దున్నే కర్రెన్న పక్కన చేరింది.

"అన్నా, చెప్తే నొచ్చుకుంటావేమో. మంద నడిపేది ముసలి బోడెమ్మేనట, నువ్వు ఊరికే ముందు నడుస్తావట. దమ్ముంటే కిందరేవు దాటమనండి అంటున్నారు."

"ఎవరా అన్నది?"

"పేర్లెందుకులే అన్నా!"

కర్రెన్న చెవులు వేడెక్కాయి. ఎవరినీ ఏమీ అడగలేదు. మందని నేరుగా కిందరేవుకి తోలింది.

ముసలిగేదె బోడెమ్మ నీళ్లు వాసన చూసి ఆగిపోయింది. "ఒరే నాయనా, నీచు కంపు కొడుతోంది. ఒక్క కొంగైనా వాలలేదు చూడు. పైరేవుకి పోదాం."

'నక్క చెప్పింది నిజమే' అనుకుంది కర్రెన్న. మారుమాట లేకుండా కొమ్ములు వంచి బోడెమ్మ డొక్కలో ఒక్క పోటు పొడిచింది.

"ఇంకెవరైనా నోరెత్తుతారా?"

అందరూ తలలు దించుకుని నీళ్లలో దిగారు.

నడివాగులో వెనక నుంచి ఒకే ఒక్క అరుపు. కర్రెన్న తిరిగి చూసేసరికి మచ్చ లేదు. నీళ్లు ఎర్రగా సుడి తిరుగుతున్నాయి.

ఒడ్డెక్కాక కర్రెన్న గొంతు పగిలేలా అరిచింది. "ఇంత మందిలో ఒక్కరూ చూడలేదా?"

ఒక పడుచుదున్న నెమ్మదిగా అంది. "నేను చూశాను మామా. దుంగలాంటిది కదిలింది."

"మరి చెప్పలేదేంరా?"

"బోడెమ్మత్త డొక్కని కూడా చూశాను మామా."

వదిలొచ్చిన గట్టు మీద నక్క పెదాలు నాక్కుంటోంది. కర్రెన్న దాన్ని చూసింది. అంతా అర్థమైంది. గొంతు తగ్గించి మంద వైపు తిరిగింది.

"తప్పయింది. ఇప్పుడెటు పోదామో మీరే చెప్పండి."

నెత్తురోడే డొక్కతో బోడెమ్మ గడ్డి కేసి తల వంచింది. మంద మొత్తంలో ఒక్కటీ నోరు విప్పలేదు.

చేదు నిజం చెప్పినవాణ్ణి పొడిచే పెద్దకి, ఆపద వేళ మందంతా మూగదే.