ఎల్లమంద చేతికి ఎర్ర స్టిక్కరు

ఎల్లమందది ఒకటే బాధ. పీరయ్య మేస్త్రి దగ్గర ఆరేళ్లుగా పని చేస్తున్నా, సర్టిఫికెట్టు మీద సంతకం మాత్రం చెయ్యనివ్వడం లేదు.

ఆటోనగర్‌లో పీరయ్యది టార్క్ రెంచీలు సరిచూసే షాపు. బోల్టు కావలసినంత బిగియగానే టక్కుమని చెప్పే రెంచీలవి. ఆ చప్పుడు నిజమో అబద్ధమో మిషను మీద తేల్చి, నిజమైతే పచ్చ స్టిక్కరు, అబద్ధమైతే ఎర్ర స్టిక్కరు అంటిస్తాడు. మనుషులకీ ఇలాంటి మిషనుంటే వీధికి ఎర్ర స్టిక్కర్లు చాలవని టీకొట్టు రత్తమ్మ అంటుంది. తన పాలకి ఏ రంగు పడుతుందో మాత్రం చెప్పదు.

పీరయ్య గురించి వీధికి తెలియనిది ఒక్కటే. నాలుగు వేళ్ల వెడల్పు తోలు పట్టీతో, ఎప్పుడో ఆగిపోయిన గడియారాన్ని కుడిచేతికి ఎందుకు పెట్టుకుంటాడన్నది. మామగారు పెట్టిందని కొందరంటారు. పట్టీ కింద ఎవరి పేరో పచ్చబొట్టు ఉందని ఎక్కువమంది అంటారు. ఎక్కువమంది చెప్పిందే నమ్మడం ఆ వీధి ఆచారం.

ఆ రోజు బస్సుల షెడ్డు నుంచి చక్రాల నట్లు బిగించే రెంచీ వచ్చింది. మధ్యాహ్నం రెండింటికి మనిషి వచ్చి పట్టుకెళతాడు. మిషను మీద పదిహేనుసార్లు లాగి అంకెలు రాయాలి. ఎల్లమంద బల్లకున్న బోల్టు మీద ఒక్కసారి లాగి, తల పంకించి, పచ్చ స్టిక్కరు అంటించేశాడు.

మేస్త్రి రిజిస్టరు చూశాడు.

"అంకెలేవిరా?"

"ఎందుకు మేస్త్రీ? ఆరేళ్లు నలిగిన చెయ్యి ఇది. ఆ మిషనే నన్నడిగి చెప్పాలి."

పీరయ్య కోప్పడలేదు. టక్కుమనడం రాని మామూలు రెంచీ ఒకటి మిషనుకు తగిలించి, అంకెల తెర తనవైపు తిప్పుకున్నాడు.

"అంకె చూడకుండా నూరుకి లాగు."

లాగాడు. మేస్త్రి రాసుకున్నాడు.

"పోయి టీ తాగిరా."

తాగొచ్చి లాగాడు. మేస్త్రి రాసుకున్నాడు.

"మీ బావమరిది నీ బండి తిరిగిచ్చాడా?"

"వాడి పేరెత్తకండి!"

"లాగు."

బల్ల జానెడు జరిగింది.

మేస్త్రి రిజిస్టరు ఇటు తిప్పాడు. 'పనిముట్టు: ఎల్లమంద కుడిచెయ్యి. ఎనభై రెండు, తొంభై ఏడు, నూట నలభై ఒకటి.' తేదీ వేసి, సంతకం చేసి, ఎర్ర స్టిక్కరు ఎల్లమంద మణికట్టుకు అంటించాడు.

"చక్రాల రెంచీకి వీటిలో ఏ చెయ్యి సాక్షి? టీకి ముందుదా, తర్వాతదా, బావమరిదిదా?"

ఎల్లమంద బస్సు రెంచీని మిషను మీద పెట్టి పదిహేనుసార్లు లాగాడు. నూరుకి పెడితే ఎనభైకే టక్కుమంటోంది. పచ్చ స్టిక్కరు గోటితో గీకి, ఎర్రది అంటించాడు. రెండింటికి వచ్చిన మనిషిని వట్టి చేతులతో పంపాడు.

"ఏం ఎల్లమందా, నిన్నూ రిజెక్టు చేశారా?" అని రత్తమ్మ వీధికంతా వినపడేలా పరామర్శించింది.

సాయంత్రం ఎల్లమంద ఉండబట్టలేక అడిగాడు. "మరి మీ చెయ్యో, మేస్త్రీ?"

పీరయ్య గడియారం పట్టీ విప్పాడు. కింద ఎర్ర స్టిక్కరు. ఈ జనవరి తేదీ. ఆయన సంతకమే.

పట్టీ మళ్లీ బిగించుకుని, బస్సు రెంచీ కాగితమూ పెన్నూ ఎల్లమంద ముందుకు జరిపాడు.

"సంతకం చెయ్యి."

మర్నాడు ఎల్లమంద కుడిచేతికి వెడల్పాటి పట్టీ గడియారంతో వచ్చాడు. అదీ ఆగిపోయిందే.

వాడిదీ పచ్చబొట్టేనని సాయంత్రానికల్లా వీధి తేల్చేసింది.