వాగు ఎండదని నేర్పిన బడి

అనగనగా ఒక అడవిలో, వాగు ఒడ్డున, ఒక బడి ఉండేదర్రా. ఆ బడికి పంతులమ్మ ఒక ముసలి ఎలుగుబంటి. ఏళ్ల తరబడి పాఠాలు చెప్పీ చెప్పీ పాపం దాని గొంతు అరిగిపోయింది.

ఏటా చలి తగ్గగానే అది పిల్లల్ని వాగులోకి దింపి, ఇసుకలో చెలమ తవ్వడం నేర్పేది. "వేసవిలో వాగు ఎండుతుంది. అడుగున మాత్రం నీళ్లుంటాయి. తడి వాసన పట్టి తవ్వాలర్రా" అనేది.

ఒక ఏడు నెమలి బడి తనిఖీకి వచ్చింది. వస్తూనే పింఛం విప్పింది.

"ఇదేం పాఠం? మన వాగు ఎండుతుందని పసివాళ్లకు చెబుతావా? అడవి మీద ప్రేమ లేదూ నీకు?"

"ప్రేమ ఉండబట్టే చెబుతున్నానయ్యా" అంది ఎలుగుబంటి.

"నోర్ముయ్! రేపటినుంచి పొద్దున్నే పిల్లలచేత మూడుసార్లు అనిపించు. మన అడవే గొప్ప, మన వాగు ఎండదు! లేదంటే బడి మూయించేస్తా."

ఈ వయసులో ఎవరితో పోట్లాడను అనుకుంది ఎలుగుబంటి. "అలాగేలెండి" అంది. ఆ ఒక్క మాటే కొంప ముంచింది.

ఆ ఏడు చెలమ పాఠం లేదు. రోజూ కేకలే.

"పంతులమ్మా, వాగు సన్నబడిందే?" అని అడిగింది దుప్పిపిల్ల.

"అను తల్లీ, అను" అంటూ మొహం తిప్పుకుంది ఎలుగుబంటి.

వేసవి రానే వచ్చింది. వాగు ఎండింది. పిల్లలు ఒట్టి ఇసుకలో నిలబడి "మన వాగు ఎండదు!" అని అరిచారు. ఒకసారి అరిచారు. రెండోసారి అరిచారు. మూడోసారికి దుప్పిపిల్ల గొంతు పెగల్లేదు. అక్కడే కూలబడింది.

"పంతులమ్మా, నేను గట్టిగా అనలేదా? అందుకే నీళ్లు రాలేదా?"

ఎలుగుబంటికి ఏడుపు ముంచుకొచ్చింది. "తప్పు నీది కాదే తల్లీ, నాది" అంది. అరిగిన గోళ్లతోనే ఇసుక తవ్వసాగింది. "చూస్తారేం? రండర్రా, తవ్వండి!"

పిల్లలంతా తలో కాలూ వేశారు. చాలాసేపటికి ఇసుక తడిసింది, ఊట ఊరింది. ముందు దుప్పిపిల్ల తాగి తేరుకుంది.

అంతలో నాలుక పిడచకట్టుకుపోయి, పింఛం ఈడ్చుకుంటూ నెమలి వచ్చింది. ఎలుగుబంటికి తిట్టే ఓపిక కూడా లేదు.

"తాగండయ్యా" అంది. "తాగాక మీరూ ఓ మూల తవ్వండి."

నీతి: నేలతల్లిని పొగడమనడం తేలిక, ఆమె కష్టం చెప్పి, అక్కరకు వచ్చే పని నేర్పడమే అసలు చదువు.